వడ్ల మీదుగా బంతి

తిరుపాలు ఆట నేర్చుకున్న మైదానానికి మధ్యభాగం లేదు.

ఆత్మకూరుకు పడమట, ఉదయగిరి రోడ్డు పక్కన ఉన్న ఆ నేలకు చుట్టూ ప్రహరీగోడ ఉంది. ఒక మూల గోల్ స్తంభాలు కూడా ఉన్నాయి. కానీ సోమశిల కాలువ కింద కోతలు మొదలైతే చాలు, ట్రాక్టర్లు గేటు దాటి వచ్చి మైదానం నిండా వడ్లు పోసేవి. వడ్లు ఎత్తేశాక పిల్లిపెసర గింజలు వచ్చేవి. తరువాత ఉదయగిరి మెట్టల నుంచి వేరుశనక్కాయలు. ఏదీ ఆరబోయని నెలల్లో ఆ మధ్యభాగం క్రికెట్ వాళ్లది. ఫుట్‌బాల్ ఆడే పదిహేను మందికీ మిగిలింది గోడకూ గింజలకూ మధ్య, నాలుగు వైపులా తిరిగే ఆరడుగుల దారి.

"మనది గ్రౌండ్ కాదురా, ప్రదక్షిణం," అనేవాడు నవాజ్. తిరుపాలు తూర్పు గోడ పక్కన ఆడితే నవాజ్ పడమటి గోడ పక్కన ఆడేవాడు.

ఆ మాత్రం దారి దక్కడం కూడా వ్యాయామం టీచరు పాల్ సార్ చలవ. ఆయన రైతుల ఇళ్లకు వెళ్లి ఒక్కొక్కరినీ అడిగి ఒప్పించాడు. వడ్లకు నష్టం రాదని మాట ఇచ్చి, దాన్ని నిలబెట్టుకోవడానికి పిల్లలకు రెండు నియమాలు పెట్టాడు. బంతి వడ్లలో పడితే తన్నినవాడికి ఆ రోజు ఆట లేదు. కాలు పడితే వారం లేదు. రెండో నియమం విషయంలో ఆయనకు దయ ఉండేది కాదు. తిరుపాలు ఒకే ఒక్కసారి, తొమ్మిదో ఏట, బంతి వెంట పోయి నాలుగడుగులు వడ్లలో వేశాడు. వారం రోజులు గేటు బయట నిలబడి ఆట చూశాడు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

కాబట్టి వాళ్లు గోడ వెంట పరిగెత్తారు. ఎదుటివాణ్ణి ఆరడుగుల్లోనే తప్పించుకోవాలి. అటు గోడ, ఇటు వడ్లు. తప్పించుకున్నాక బంతిని అవతలి గోడ దగ్గరున్న తమవాడికి పంపాలంటే ఒకటే మార్గం, వడ్ల మీదుగా గాలిలో పంపడం. అది డెబ్బై అడుగుల దూరం. తక్కువ పడకూడదు, గోడ దాటకూడదు. పన్నెండో ఏటికి తిరుపాలు కుడికాలితో ఆ పని కళ్లు మూసుకుని చేసేవాడు. నిజానికి కళ్లు తెరిచే ఉంచేవాడు, ఎందుకంటే అతనికి ఆటలో అన్నిటికన్నా ఇష్టమైనది తన్నిన తరువాత ఉండే ఆ కొద్దిసేపే. బంతి పైన వెళ్లేది. దాని నీడ కింద వడ్ల మీదుగా, తొందర లేకుండా, చిన్న పిట్టలాగా అవతలికి పోయేది. నీడ నవాజ్ కాళ్ల దగ్గరకు చేరేసరికి బంతి కూడా దిగేది. ఆ మధ్యలో అందరూ ఆగిపోయి చూసేవారు. తిరుపాలు తండ్రి కామయ్య రైస్‌మిల్లు లారీ నడిపేవాడు. ఒకసారి లారీ ఆపి గోడ మీదనుంచి ఇది చూసి, "ఇంతసేపు గాల్లో ఏం చేస్తాదిరా అది?" అని అడిగాడట.

పదహారో ఏట పాల్ సార్ అతణ్ణి జిల్లా సెలక్షన్లకు నెల్లూరు తీసుకువెళ్లాడు. ఖాళీ మైదానాన్ని తిరుపాలు అక్కడే మొదటిసారి చూశాడు. మధ్యంతా గడ్డి. దాని మీద ఎవరూ ఏమీ పోయలేదు. మిగతా పిల్లలు అరుస్తూ అందులోకి పరిగెత్తారు. తిరుపాలు తెల్లగీత పక్కకు వెళ్లి నిలబడ్డాడు. బంతి వచ్చినప్పుడల్లా గీత వెంటే వెళ్లి, చివర్లో గాలిలోకి లేపి గోల్ ముందు దింపాడు. "ఈ పిల్లోడికి తన చోటేదో తెలుసు," అని సెలక్టర్లలో ఒకాయన పాల్ సార్‌తో అన్నాడు. సార్ చాలా సంతోషించాడు. ఆయనకూ తట్టలేదు, కారణం వేరే ఉందని.

ఆ తరువాత పద్నాలుగేళ్లు తిరుపాలు ఆ గీత వెంటే బతికాడు. చెన్నైలో రెండేళ్లు, బెంగళూరులో మూడేళ్లు, కోల్‌కతాలో నాలుగు, చివరికి కేరళలో ఒక రెండో శ్రేణి క్లబ్బు. పొడుగాటి ఫార్వర్డులు ఉన్న ప్రతి జట్టుకూ అతను అవసరమయ్యాడు. వాళ్ల నుదుటికి సరిగ్గా తగిలేట్టు బంతి దింపేవాడు. ఎక్కడ ఆడినా అతనికి ఒకవైపే వినిపించేది. కుడిచెవిలో జనం, ఈదురుగాలి లాగా. ఎడమవైపు, ఇరవై మంది ఆడుతున్న ఆ విశాలమైన నేల మీద మాత్రం, ఏదో ఆరుతున్నట్టు నిశ్శబ్దం. ఊళ్లు మారినా ఆ నిశ్శబ్దం మారలేదు. రైళ్లలో నిద్రపోయినప్పుడు కూడా అతను కిటికీ వైపే ఒదిగి పడుకునేవాడు.

చెన్నైలో మొదటి ఏడాది ఒక ఆటలో డిఫెండర్ జారి పడ్డాడు. గోల్‌కీపర్ అప్పటికే రెండోవైపు కదిలి ఉన్నాడు. లోపలికి ఆరడుగులు వేసి తోస్తే చాలు, గోల్. తిరుపాలు నేరుగా మూల జెండా దాకా పరిగెత్తి అక్కడినుంచి బంతిని గోల్ ముందుకు లేపాడు. అక్కడ ఎవరూ లేరు. స్టాండ్లలో ఒక్కసారిగా నవ్వు లేచింది. ఎందుకలా చేశావని అక్కడి కోచ్ అడిగితే "అలవాటు సార్," అన్నాడు. అంతకన్నా చెప్పడం అతనికి చేతకాలేదు. నిజంగా ఆ క్షణంలో అతనికి ఏమీ కనిపించలేదు. కాలు అటు పడలేదు, అంతే.

గత మార్చి నెలాఖరున సీజన్ ముగిసింది. మరునాడు కోచ్ పిలిచాడు. కొత్త కోచ్, ముప్పై ఆరేళ్ల పాలక్కాడు మనిషి, తిరుపాలు కంటే అయిదేళ్లే పెద్ద. టాబ్‌లో మైదానం బొమ్మ చూపించాడు. ఏడాదంతా తిరుపాలు ఎక్కడెక్కడ తిరిగాడో ఎర్రచుక్కలు పెట్టి ఉన్నాయి. చుక్కలన్నీ కలిసి ఒక్క గీత అయ్యాయి.

"ఇది ఆటగాడి బొమ్మ కాదు, రైలు పట్టా," అన్నాడు కోచ్. "నీ క్రాస్ బాగుంటుంది. కానీ అందుకోవడానికి ఇప్పుడు నా దగ్గర పొడుగువాళ్లు లేరు. వచ్చే ఏడు గీత పక్కన ఆడే నా వింగర్లంతా లోపలికి వస్తారు. జూలై ఒకటిన క్యాంప్. నాలుగు వారాలు చూస్తాను. లోపలికి రాగలిగితే ఇంకో ఏడాది కాంట్రాక్టు. రాకపోతే, నీ చోట ఆ మిజోరం అబ్బాయి సిద్ధంగా ఉన్నాడు."

తిరుపాలు తల ఊపి, ఏప్రిల్ మొదటి వారంలో ఇంటికి వచ్చాడు.

ఇంట్లో ఇంకో మాట సిద్ధంగా ఉంది. అతని భార్య సుధారాణి ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. ఆ స్కూలు కరస్పాండెంట్ చెంచురామయ్య ఆటల మాస్టారు కోసం వెతుకుతున్నాడు. తిరుపాలు వస్తానంటే వేరేవాళ్లను చూడనన్నాడు. జూన్ నెలాఖరు లోపల ఏదో ఒకటి చెప్పాలి. సుధారాణి ఇదంతా చపాతీలు వత్తుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"నువ్వేమంటావు?" అన్నాడు తిరుపాలు.

"నేనేమంటాను. ఏడాదికి పది నెలలు నిన్ను ఫోన్లోనే చూస్తా ఉండాను. ఈడుంటే ఎట్టుంటావో నాకేం తెలుసు."

"నాకు ఇంకా ఒక ఏడన్నా ఆడాలనుండాది."

"అట్లయితే ఆ లోపలికి వచ్చేదేందో నేర్చుకో పో," అంది ఆమె.

మరునాడు పొద్దున్నే బంతి తీసుకుని మైదానానికి వెళ్లాడు. మధ్యంతా వడ్లు. తూర్పు గోడ పక్కన, అదే ఆరడుగుల దారిలో కాసేపు పరిగెత్తాడు. పక్కన కొంచెం మేర వడ్లు ఎత్తేసి ఉంటే, బంతిని గోడ నుంచి అటు మళ్లించి చూశాడు. బంతి వెళ్లింది. తను ఆగిపోయాడు. మళ్లీ చేశాడు. మళ్లీ ఆగిపోయాడు. ముప్పై ఒక్కేళ్ల మనిషి, పద్నాలుగేళ్లుగా ఆటే ఉద్యోగంగా ఉన్నవాడు, ఖాళీ నేల ముందు ఎద్దులాగా మొరాయించడం చూసి అతనికే సిగ్గేసింది.

పాల్ సార్ రిటైరై ఎనిమిదేళ్లయింది. మైదానం ఎదుటి వీధిలోనే ఉంటాడు. తిరుపాలు వెళ్లి సంగతంతా చెప్పాడు. సార్ కంటి ఆపరేషన్ నల్లద్దాలు సర్దుకున్నాడు.

"ఆ రూలు నీకోసం పెట్టింది కాదురా, రైతుల కోసం," అన్నాడు. "అది పెట్టకపోతే ఆ దారి కూడా ఇచ్చేవాళ్లు కాదు."

"తెలుసు సార్."

"నేను చెప్పింది ఇంకొక్కటన్నా విన్నావా నువ్వు? క్లాసు ఎగ్గొట్టబాక అన్నాను. గోడ దూకబాక అన్నాను. ఇదొక్కటే పట్టుకున్నావా?"

నవ్వులాటకే అన్నాడు గానీ ఆయన మొహంలో నవ్వు నిలబడలేదు. లేచి, చొక్కా తొడుక్కుని, తిరుపాలుతో పాటు మైదానానికి నడిచాడు.

ఆ పూట అక్కడ ఉన్నది దేవకమ్మ. ఆమె కుటుంబానికి కాలువ కింద పది ఎకరాలు ఉన్నాయి. కొడుకులు వ్యాపారాల్లో ఉండడంతో అరవై దాటిన దేవకమ్మే పంట చూసుకుంటుంది. నెత్తిన తువ్వాలు వేసుకుని, వట్టికాళ్లతో వడ్లలో అటూ ఇటూ నడుస్తోంది. అడుగు ఎత్తదు. రెండు పాదాలనూ ఈడ్చుకుంటూ పోతుంది. ఆమె వెనక వడ్లు రెండుగా చీలి చాళ్లు పడుతున్నాయి. అడుగున ఉన్న తేమ గింజలు పైకి వస్తున్నాయి.

"ఏందబ్బయ్యా, టీవీలో కనపడతావంట," అంది ఆమె. "ఈడ మాత్రం గోడకు అంటుకోని నిలబడుండావు, దొంగ మాదిరి."

"వడ్లు తొక్కకూడదు గదమ్మా."

"ఎవురు చెప్పినారు?"

తిరుపాలు సార్ వైపు చూశాడు. సార్ గోడ వైపు చూశాడు.

"పొద్దున్నుంచి నేను చేస్తా ఉండేదేంది మరి?" అంది దేవకమ్మ. "తొక్కకుంటే ఎట్ట ఆరతాయి? రోజుకు నాలుగు సార్లు తొక్కాల. బూట్లేసుకోని ఎగిరితే తిడతాము గానీ, నడిస్తే ఎవురు వద్దన్నారు? మనిషి రాలేదు నాకియ్యాల. బూట్లిప్పి రా."

చిన్నప్పుడు ఇదంతా అతను చూడకపోలేదు. ప్రతి ఏడూ చూశాడు. మనుషులు రోజంతా వడ్లలో నడుస్తూనే ఉండేవారు. అది పని, తమది ఆట అనుకున్నాడు. రెండింటికీ కాళ్లు ఒకటేనని ఎన్నడూ అనుకోలేదు.

బూట్లు, మేజోళ్లు విప్పాడు. కుడికాలు ముందుగా పెట్టాడు. పైన వడ్లు పెనంలా కాలుతున్నాయి. రెండు వేళ్ల లోతున చల్లగా ఉంది. పాదం ఈడ్చాడు. గింజలు వేళ్ల సందుల్లోంచి జారి, గుసగుసలాడినట్టు చప్పుడు చేశాయి.

"మేకపిల్ల మాదిరి ఆ గంతులేంది? కాలెత్తబాక. ఈడ్చు. ముందు నిలువు, తర్వాత అడ్డం."

నిలువుగా నాలుగు చాళ్లు తోలాక అడ్డంగా తిరిగాడు. తూర్పు గోడ నుంచి లోపలికి, పది అడుగులు, ఇరవై, ముప్పై. తల వంచుకుని తన పాదాలనే చూస్తూ వెళ్లాడు. ఎప్పటికో తల ఎత్తితే మైదానం నడుమ ఉన్నాడు. నాలుగు గోడలూ ఒకే దూరంలో ఉన్నాయి. ఎండలో అవి కొంచెం కదులుతున్నట్టున్నాయి. ఎన్నో ఏళ్లు తను పరిగెత్తిన దారి అక్కడ, వడ్ల అవతల, ఎవరిదో ఇంటి అరుగులాగా సన్నగా కనిపించింది. దాని పక్కన పాల్ సార్ నల్లద్దాలతో, చేతులు వెనక్కి కట్టుకుని, చాలా చిన్నగా నిలబడి ఉన్నాడు. గాలి లేదు. చుట్టూ పసుపురంగు తప్ప ఏమీ లేదు. తను ఎక్కడినుంచి వచ్చాడో, ఎటు పోవాలో తెలియనట్టు కొంతసేపు అలాగే నిలబడ్డాడు. భయం వేస్తుందనుకున్నాడు. వేయలేదు. నిద్ర వచ్చేట్టుంది.

"ఆడేం చేస్తుండావు? నడువు," అని దేవకమ్మ కేక వినబడింది.

పన్నెండు రోజులు ఆమె వడ్లు తిరగేశాడు. రెండోవారంలో ఇంకో ఇద్దరు రైతులు కూడా పిలిచారు. సుధారాణికి ఈ సంగతి స్టాఫ్‌రూములో తెలిసింది. "ఊర్లో వాళ్ల వడ్లన్నీ తిరగేస్తావు, ఇంట్లో తాగిన గ్లాసు కూడా తియ్యవు," అంది. అతను లేచి గ్లాసు తీశాడు. అరికాళ్లు ఎర్రగా పొరలు లేచి ఉన్నాయి. ఆమె చూసి కొబ్బరినూనె సీసా అతని ముందు పెట్టి వెళ్లింది.

వడ్లు ఎత్తేశాక మైదానం క్రికెట్ వాళ్లకు వచ్చింది. తిరుపాలు రోజూ పొద్దున్నే తూర్పు గోడ దగ్గర మొదలుపెట్టి వాళ్ల మధ్యలోకి బంతి తీసుకుని వచ్చేవాడు. కుడికాలు అలవాటుగా గోడవైపు లాగేది. ఎడమకాలితో దాన్ని లోపలికి తిప్పాలి. పాల్ సార్ ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని, "లోపలికి, లోపలికిరా," అని అరిచేవాడు. ఒకప్పుడు "బయటికి" అని అరిచిన గొంతే అది.

"అన్నా, స్టంప్స్ మీదికి వస్తుండావు," అన్నాడు క్రికెట్ వాళ్లలో ఒకడు.

"అడ్డం పడి ఆపురా, చూద్దాం."

వాళ్లు ఆపారు. మొదటి వారమంతా ఆపారు. మే చివరికి పదిసార్లలో నాలుగుసార్లు ఆపలేకపోయారు. జూన్‌లో పదికి మూడుసార్లే ఆపగలిగారు. క్రికెట్ పిల్లల్ని దాటడం వేరు, క్యాంపులో దాటడం వేరు. అది తిరుపాలుకు తెలుసు. పాల్ సార్‌కీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

జూన్ ఇరవై తొమ్మిదిన బయల్దేరాలి. ముందురోజు సాయంత్రం సుధారాణి ఆరిన బట్టలు మడత పెడుతుంటే అడిగాడు.

"చెంచురామయ్య సార్‌ను ఇంకొక్క నెల ఆగమని అడుగుతావా? ఆడ కాదంటే వచ్చి చేరతాను."

ఆమె ఒక చొక్కా మడత పూర్తి చేసింది. "అడుగుతాలే," అంది.

మరునాడు నెల్లూరులో రైలెక్కాడు.

కేరళలో వాన ఆగలేదు. మొదటి మూడు వారాలు కోచ్ అతనితో పెద్దగా మాట్లాడలేదు. తిరుపాలు లోపలికి వచ్చాడు, బంతి పోగొట్టుకున్నాడు, మళ్లీ వచ్చాడు. మిజోరం అబ్బాయికి పంతొమ్మిదేళ్లు. అతను లోపలికి రావడం చూస్తే వంటింట్లోకి వెళ్లినంత తేలిగ్గా ఉండేది. రాత్రి పడుకునేముందు తిరుపాలు తనకు తాను చెప్పుకునేవాడు, కాకపోతే అక్కడొక పని ఉంది, ఆట నేర్పడానికి బడిపిల్లలున్నారు, ఇల్లుంది. ఆ ఆలోచన చాపలాగా ఉండేది. దాని మీద నిద్రపోయేవాడు.

నాలుగో వారం చివర, పక్క ఊరి జట్టుతో స్నేహపూర్వక ఆట. అరవయ్యో నిమిషంలో కోచ్ అతణ్ణి మైదానంలోకి పంపాడు. మిజోరం అబ్బాయిని తీసేయలేదు, ఎడమవైపుకు మార్చాడు. వాన సన్నగా పడుతోంది. దూరపు స్తంభాలు మసకగా ఉన్నాయి. మొదటి బంతి గీత పక్కన అందుకుని, డిఫెండర్‌ను చూసి, లోపలికి తిరిగాడు. ఒక్కసారిగా రెండు చెవుల్లోనూ మనుషులు. ముందు, వెనక, పక్కన, బూట్ల కింద నీళ్ల చప్పుళ్లు, పేర్లు, కేకలు. ఎటు చూడాలో తెలియలేదు. ఎవరో వచ్చి బంతి తీసుకుపోయారు.

డెబ్బై ఎనిమిదో నిమిషంలో మళ్లీ వచ్చింది. ఈసారి వెళ్లాల్సిన చోటు కోసం వెతకలేదు. తల వంచి, పాదాల దగ్గరే చూస్తూ, తొందర లేకుండా వెళ్లాడు. ఒకణ్ణి దాటాడు. తల ఎత్తేసరికి నడుమ ఉన్నాడు. రెండు క్షణాలు ఏమీ చేయలేదు. చుట్టూ అందరూ నెమ్మదించినట్టు, వాన చినుకులు కూడా ఆగి చూస్తున్నట్టు అనిపించింది. "తిరూ," అని ఎడమవైపు నుంచి మిజోరం అబ్బాయి పిలిచాడు. ఇచ్చాడు. అతను తిరిగి ఇచ్చాడు. తిరుపాలు ఎడమకాలితో కొట్టాడు. బంతి స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. పక్కనున్న వాడెవడో దాన్ని గోల్‌లోకి నెట్టాడు.

ఆట ముగిశాక కోచ్ డ్రెస్సింగ్ రూమ్ వసారాలో ఆపాడు.

"మధ్యలో రెండు సెకన్లు నువ్వు లేవు. ఎక్కడికి పోయావు?"

"ఎక్కడికీ లేదు సార్. నాలుగు వైపులా మనుషులున్నారు."

"ఫుట్‌బాల్ అంటే అదే," అన్నాడు కోచ్. కాగితాలు ప్లాస్టిక్ కవర్లోంచి తీసి ఇచ్చాడు. "ఒక ఏడాది. ఎక్కువగా చివరి అరగంట ఆడతావు. ఆ రెండు సెకన్ల సంగతి సోమవారం నుంచి చూద్దాం."

తిరుపాలు సంతకం పెట్టి, తడి బట్టలతోనే అక్కడ బల్ల మీద కూర్చుని సుధారాణికి ఫోన్ చేశాడు. ఆమె అప్పుడే స్కూలు నుంచి వచ్చింది.

"ఇంకో ఏడంట," అన్నాడు.

ఆమె ఏదో కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "నిజంగా లోపలికి పోయినావా?"

"పోయినాను. గోల్ నాది గాదులే." కొంచెం ఆగి, "చెంచురామయ్య సార్‌కు రేపు చెప్పెయ్యి, పాపం నెల రోజులు ఆగినాడు," అన్నాడు.

"ఆయనేం ఆగలేదు. నువ్వు రైలెక్కినావే, మర్నాడే చెప్పేసినాను, వేరేవాళ్లను పెట్టుకోండి సార్ అని. కొండాపురం ఆయనెవరో చేరినాడు. పిల్లోళ్లకు ఖోఖో నేర్పిస్తుండాడు."

ఇన్ని రాత్రులూ తను దేని మీద నిద్రపోయాడో అది అక్కడ లేనే లేదు.

"అడుగుతానన్నావు గదా."

"అన్నాను. నువ్వు కుదురుగా పోవాలని అన్నాను."

"వీళ్లు వద్దనుంటే?"

"వద్దనుంటే ఇద్దరం కూర్చోని ఆలోచించుకునుండేవాళ్లం. నువ్వు మళ్లా గోడ పక్కకు వచ్చి నిలబడేదానికి నేను చోటు పెట్టి ఉంచాల్నా?" అంది సుధారాణి. ఆమె గొంతులో కోపం లేదు. అలసట ఉంది, ఇంకేదో కూడా ఉంది. పది నెలల లెక్క ఆమెకు అతనికంటే బాగా తెలుసు.

వసారా బయట వాన పెద్దదైంది.

"అదేంది ఆ చప్పుడు?" అందామె.

"వాన. నెల్నుంచీ ఇదే."

"ఈడ చుక్క లేదు. ఫోన్ పెట్టబాక. కాసేపు విననీ."

తిరుపాలు లేచి వసారా అంచుకు వెళ్లాడు. ఫోన్ తడవకుండా చెయ్యి అడ్డం పెట్టి, దాన్ని వానవైపు చాచి పట్టుకుని నిలబడ్డాడు.